తిరిగి చెప్పించే మనిషి

పోయిన బుధవారం మా ఆయన పింఛను కాయితం ఒకదానికి నోటరీ సీలు వేయించడానికి సాక్చిలో కోర్టు దగ్గరికి వెళ్ళాను. గేటు బయట నీలం టార్పాలిన్ కింద బల్లలు వరసగా వేసి ఉన్నాయి. మొదటి బల్ల దగ్గరున్న నోటరీ ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే కాయితం అందుకున్నాడు. టక్కున సీలు కొట్టాడు. సంతకం గీసి నా వైపు తోశాడు. తన ఎదుట ప్రమాణం చేసినట్టు అందులో రాసి ఉన్న మనిషి మా ఆయన. ఆయన మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో మంచం మీద ఉన్నాడు. ఆ మనిషేడని నోటరీ అడగలేదు. నా మొహం కూడా చూడలేదు.

"ఓసారి చదివి వినిపించరా?" అని హిందీలో అడిగాను.

"అరే మాతాజీ, కథా సునానే బైఠే హైఁ క్యా?" అన్నాడు, కథలు చెప్పడానికి కూర్చున్నామా అని. నా వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు.

కాయితం మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి ఆటో ఎక్కాను. బాగ్‌బేరా వచ్చేదాకా తల ఎత్తలేకపోయాను. వాళ్ళు నవ్వారని కాదు. మనిషి లేకుండా సీలు పడే కాయితం నాకు కొత్త కాదు. ఇరవై రెండేళ్ళ కిందట అలాంటిది ఒకటి నేనే పుట్టించాను. అలాంటి పని ఎన్నడూ చేయని నోటరీ చేత చేయించాను. ఆ నోటరీ పోయి ఏడాది దాటింది. ఆయన గురించి రాయడానికి నాకున్న హక్కల్లా ఆయనే నేర్పిన నాలుగు అక్షరాలు.

అందరికీ ఆయన నోటరీ బాబే. బాగ్‌బేరాలో రైలు పట్టాల పక్కన ఇల్లు. పొద్దున్న కోర్టుకు వెళ్ళినా, మధ్యాహ్నం మూడింటికల్లా వీధివైపు గదిలో బల్ల ముందు కూర్చునేవారు. రెండు బెంచీలు, గోడ నిండా పుస్తకాలు, కిటికీలో నీళ్ళ కూజా. రైలు యార్డులోనూ కర్మాగారాల్లోనూ పనిచేసే మా శ్రీకాకుళం వైపు జనం ఏ కాయితం వచ్చినా ఆయన దగ్గరికే పరిగెత్తేవారు. నేను ఆ గది ఊడ్చి, పుస్తకాల దుమ్ము దులిపి, వచ్చినవాళ్ళకు టీ ఇచ్చేదాన్ని.

యార్డులో రైలు పెట్టెలు విడదీసి, తగిలించి షంటింగు చేసినప్పుడల్లా గది అదిరేది. అప్పుడాయన చదువుతున్న చోటే ఆగి, చూపుడువేలు పైకెత్తి పట్టుకునేవారు. చప్పుడు ఎంతసేపున్నా ఆ వేలు దిగేది కాదు. బండి పోయాక ఏ మాట దగ్గర ఆగారో సరిగ్గా ఆ మాట నుంచే అందుకునేవారు. బెంచీ మీద ఉన్నవాళ్ళు కూడా తెలియకుండానే ఊపిరి బిగపట్టి ఆ వేలినే చూసేవారు.

చదువు రానివాళ్ళు వస్తే ఆయన పద్ధతి వేరు. కాయితమంతా మన మాటలో చదివి వినిపించేవారు. ఆ తరవాత పెన్ను కింద పెట్టి, నోట్లో ఒక లవంగం వేసుకుని, కుర్చీలో వెనక్కి వాలేవారు. "ఇప్పుడు నువ్వు చెప్పు. ఏటి రాసేను?" అనేవారు.

ఆ మనిషి తన సొంత మాటల్లో తిరిగి చెబితేనే సీలు. లేకపోతే మళ్ళీ చదివేవారు. మళ్ళీ చెప్పించేవారు. సర్కారు అడిగే రిజిస్టరు ఇంగ్లీషులో వేరే ఉండేది. అది కాక, చదువు రానివాళ్ళ కోసం ఇంకో పుస్తకం పెట్టుకున్నారు. అందులో వాళ్ళు తిరిగి చెప్పిన మాటలు ఎలా చెబితే అలాగే తెలుగులో రాసుకునేవారు. గోడ నిండా ఉన్నవి ఆ పుస్తకాలే.

ఒకసారి రైలు పట్టాల గ్యాంగులో పనిచేసి రిటైరైన మనిషి ఒకాయన వచ్చాడు. సర్వీసు పుస్తకంలో ఆయన పేరు అప్పలస్వామి. బ్యాంకులో అప్పారావు. ఇద్దరూ ఒకడేనని ప్రమాణ పత్రం కావాలి. నోటరీ బాబు చదివి వినిపించి, ఏటి రాసేనో చెప్పమన్నారు.

"నానిద్దరం కాదు బాబూ, ఒకడినేనని రాసినారు. అప్పలసామీ నానే, అప్పారావూ నానే. ఇది మా ఆవిడికి తెల్సున్న సంగతే."

"ఆవిడికి తెలిస్తే సరిపోదు. ఆఫీసుకీ తెలియాల."

"ఆఫీసోళ్ళు ఒకడినే గుర్తెడతారు బాబూ. మా ఆవిడ ఇద్దరినీ తిడతాది."

నోటరీ బాబు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ మాట కూడా పుస్తకంలోకి ఎక్కించారు.

ఇంకోసారి ఒక కొడుకు ముసలి తల్లిని తీసుకొచ్చాడు. రేషను కార్డు పని అని ఆమెకు చెప్పి తెచ్చాడు. కాయితమేమో ఆమె పేర ఉన్న ఇల్లు అతనికి రాసిచ్చేది. నోటరీ బాబు నెమ్మదిగా చదివి వినిపించారు. ఆమె తల ఊపుతూ విని, "నా కొడుకు నన్ను సచ్చేదాకా సూత్తాడని రాసినారు బావూ," అంది.

"అది ఇందులో ఎక్కడా లేదమ్మా."

"అది కూడా రాయాలేటండి? కొడుకన్నాక సూడనేటి?" అన్నాడు కొడుకు.

"అయితే అదే రాద్దాం. కూకో," అన్నారు నోటరీ బాబు, కొత్త కాయితం తీస్తూ.

కొడుకు కూర్చోలేదు. తెచ్చిన కాయితం లాక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ ముసలామె మాత్రం బెంచీ మీదే ఉండి నేనిచ్చిన టీ అంతా తాగింది. ఆ తిరిగి చెప్పించడం ఎందుకో నాకు ఆ రోజు పూర్తిగా తెలిసింది. దాన్ని ఎలా తప్పించుకోవాలో కూడా అలా చూసి చూసే నేర్చుకున్నాను.

జనం లేనప్పుడు ఆయన నాకు పాత నోటరీల సంగతులు చెప్పేవారు. ఎక్కడో పుస్తకాల్లో చదివారట. ఇటలీ దేశంలో సముద్రం ఒడ్డున పెద్ద పెద్ద రేవు పట్నాలు ఉండేవి. నాలుగైదు వందల ఏళ్ళ కిందట అక్కడ వీధివీధికీ నోటరీ. ఓడ ఎక్కబోయే నావికుడు, రొట్టెలు కాల్చే ఆవిడ, మంచం పట్టిన ముసలాయన, అందరూ నోటరీ దగ్గరికే. సాక్షులు కావాలంటే ఎదుటి కొట్లో మంగలిని పిలిచేవారట. అసలు రాత నోటరీ పుస్తకంలో ఉండిపోయేది. పార్టీలు పట్టుకెళ్ళేది నకలు.

"రాత లాటిన్లో ఉండేదమ్మా. అది చదువుకున్నోళ్ళ భాష. రొట్టెలు కాల్చే ఆవిడికి అదేటర్థమవుతాది? అందుకని రాసిందంతా ఊరి మాటలో ఆవిడికి చెప్పేవోరు. చూడు, అది నా సొంత తెలివి కాదు. పాత ఆచారమే," అనేవారు. "అక్కడ నోటరీ పోతే ముందు పీనుగుని కాదు, పుస్తకాల్ని చూసుకునేవోరట. ఎవుల చేతిలో పడతాయోనని. పోయినోడి పుస్తకాలన్నీ ఒకచోట చేర్చి తాళం ఏసేవోరు. రాజుగారు ఫలానా పూట ఏటన్నాడో ఇయ్యాల ఎవుడికీ తెల్దు. ఆ రొట్టెలావిడ ఏటందో మాత్రం ఇప్పటికీ ఉంది."

ఆ పాత నోటరీల నుంచి ఆయన ఇంకొకటి కూడా పట్టుకున్నారు. రాత అయ్యాక పేజీలో చోటు మిగిలితే, దాని మీద పై నుంచి కింద దాకా మెలికల గీత గీసేవారు. పాము పాకినట్టు ఉండేది. "ఖాళీ వదిలితే ఎవుడో ఒకడు దాంట్లో దూరతాడమ్మా," అనేవారు. ఆయన పుస్తకాల్లో రూపాయి బిళ్ళంత ఖాళీ కూడా వదలడం నేను చూడలేదు.

వేలిముద్ర కూడా ఆయనే వేయించేవారు. "వేలు నాకిచ్చీ. నువ్వొత్తకు," అని ఎదుటివాళ్ళ బొటనవేలిని తన రెండు వేళ్ళతో పట్టుకుని, ఇంకు ప్యాడు మీదా కాయితం మీదా ఎడమ నుంచి కుడికి ఒక్కసారి దొర్లించేవారు. తరవాత కొబ్బరినూనె గుడ్డతో ఆ వేలిని తుడిచేవారు. నల్లటి వేలుతో ఇంటికెళితే పిల్లలు భయపడతారట. భూతద్దంతో ముద్ర చూసి, పక్కన 'శంఖం' అనో 'చక్రం' అనో రాసుకునేవారు. మన పెద్దవాళ్ళు వేళ్ళ మీద గీతలు చూసి అనే మాటలే.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

మా మరిది ఒక కంపెనీలో పనిచేసేవాడు. కామెర్లు వచ్చి పోయాడు. పనిలో ఉండగా మనిషి పోతే, ఆ ఇంట్లో ఒకరికి పని ఇచ్చేవారు. మొదటి హక్కు భార్యది. ఇంకెవరికైనా ఇవ్వాలంటే ఆమె నోటరీ ముందు తనకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. నా తోడికోడలిని పదకొండో రోజు అయ్యాక పుట్టింటివాళ్ళు పలాస దగ్గర వాళ్ళ ఊరికి తీసుకెళ్ళారు. కాయితాలు నెలలోపల పెట్టాలి. మా ఆయన అప్పటికి పదేళ్ళుగా గూడ్సు షెడ్డులో దినకూలి. తోడికోడలి ఊళ్ళో కిరాణా కొట్టుకు ఫోనుంది. చేసి అడగొచ్చు. అడిగితే కాదంటుందేమోనని అడగలేదు. ఆ ఆలోచన ఎవరిదంటే, మా ఇద్దరిదీ అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

మా ఇళ్ళ వరసలో ఉండే ఒకావిడకు తెల్లచీర కట్టి, గడ్డం దాకా ముసుగు లాగి, నోటరీ బాబు గదికి తీసుకెళ్ళాను. మాట్లాడొద్దు, ఏడవమని ముందే చెప్పాను. మొగుడు పోయిన కొత్తలో మా వైపు ఆడది గడప దాటదు. దాటినా మగవాళ్ళ ముందు నోరు విప్పదు. ముసుగు తీయమని ఏ పెద్దమనిషీ అడగడు. నోటరీ బాబు పుట్టిందీ పెరిగిందీ ఆ ఆచారంలోనే. నేను నమ్ముకున్నది దాన్నే.

ఆయన చదివి వినిపించారు. లవంగం వేసుకోలేదు. "తిరిగి చెప్పాలమ్మా. ఏటి రాసేను?" అన్నారు మెల్లగా. ఆవిడ వెక్కింది.

"మొగుడు పోయి పదిహేన్రోజులవలేదు బాబూ. దానికి నోరు పెగల్దు. నా తోడికోడలే. నాను గుర్తు చెప్తన్నాను కదా," అన్నాను.

ఆయన నా వైపు చూశారు. ఏదో అనబోయారు. అంతలో యార్డులో బండి కదిలి గది అదిరింది. వేలు ఎత్తారు. బండి వెళ్ళిపోయింది. ఆ ఒక్కసారే ఆయన ఆగిన మాట దగ్గర నుంచి అందుకోలేదు. వేలు దించి, ఆవిడ బొటనవేలు అందుకున్నారు.

మా ఆయనకు పని వచ్చింది. నెల తిరక్కుండా డ్యూటీలో చేరాడు.

మూడు నెలలకు తోడికోడలు ఊరి నుంచి వచ్చింది. నేరుగా కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది. వాళ్ళు ఆ కాయితం చూపించారు. అక్కడి నుంచి నోటరీ బాబు దగ్గరికి వచ్చింది. నేను గడప తుడుస్తున్నాను. నన్ను దాటుకునే లోపలికి వెళ్ళింది.

"బాబూ, నాను ఏ కాయితం మీదా వేలు ఎయ్యనేదు," అంది.

ఆయన ఆమె వేలిని తెల్లకాయితం మీద దొర్లించారు. పుస్తకం తీసి, భూతద్దం పెట్టి, దాన్నీ దీన్నీ చాలాసేపు చూశారు. తరవాత నన్ను పిలిచారు.

"ఈవిడెవరమ్మా?"

"నా తోడికోడలు బాబూ."

"ఆ రోజు వచ్చింది ఈవిడేనా?"

చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని పిండుతూ చెప్పాను. "ఈవిడే బాబూ. ఇప్పుడు మాట మారుత్తంది."

తోడికోడలు నా వైపు తిరిగి "అప్పా" అంది. మా వైపు అక్కను అప్ప అంటారు. ఆ ఒక్క మాటే అంది.

"ఈ వేలు నీది కాదమ్మా. నీది చక్రం, ఇది శంఖం," అన్నారు నోటరీ బాబు ఆమెతో. "సీలు నాది. చెప్పించకుండా వేసినాను. తప్పు నాది."

ఆమె వెళ్ళాక నన్ను అడిగారు. "చెప్తావేటమ్మా?"

"ఏటి బాబూ?"

"ఏదున్నా."

నేను బాల్చీ తీసుకుని వెళ్ళిపోయాను.

ఆయన ఆ వారమే కంపెనీకి ఉత్తరం రాశారు, తను సీలు వేసిన కాయితం చెల్లదని. పని ఇచ్చేయడం అయిపోయింది, ఇంటివాళ్ళకు అభ్యంతరముంటే కోర్టుకు వెళ్ళమన్నారు కంపెనీవాళ్ళు. మా కులపెద్దలు కూర్చుని, పని ఇంటి మగాడికే వచ్చింది కదా, బయటోడికి పోలేదు కదా అని నా తోడికోడలికి నచ్చజెప్పారు. ఏడాది మాతో ఉంది. తరవాత ఒక పొద్దున్న తన పెట్టె తీసుకుని బిర్సానగర్ వెళ్ళి, అక్కడ ఒక మెస్సులో గిన్నెలు తోమే పనికి కుదురుకుంది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తిన్నావా అంటే తిన్నావా అనుకునేవాళ్ళం.

నోటరీ బాబు ఆ ఏడే సీలు వెనక్కి ఇచ్చేశారు. ఎవరడిగినా "కళ్ళు కనబడ్డం లేదు" అనేవారు. జనం పాపమన్నారు. శుక్లాలకు మంచి డాక్టరు ఎక్కడున్నాడో చెప్పారు. అదే ఆయన దగ్గు మందు సీసా మీది చీమ తలకాయంత అక్షరాలు కళ్ళజోడు లేకుండా చదవడం నేను రోజూ చూసేదాన్ని. ఆయన కళ్ళు ఎందుకు కనబడడం మానేశాయో ఆ బజారులో నాకొక్కదానికే తెలుసు.

నన్ను పని మానమనలేదు. మానేస్తే ఒప్పుకున్నట్టవుతుందని నేనూ మానలేదు. అదే గ్లాసులో టీ ఇచ్చేవారు. నా తోడికోడలి సంగతి ఎత్తేవారు కాదు. అప్పుడప్పుడు, తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మాత్రం, "చెప్పాల్సిందేటన్నా ఉందేటమ్మా?" అని మామూలుగా అడిగేవారు. రేపటికి పాలు, కూరగాయల మాట అడిగినట్టే. "ఏటీ నేదు బాబూ," అనేదాన్ని.

అలా పద్నాలుగేళ్ళు. నాకు యాభై దాటాయి. ఒకరోజు దుమ్ము దులుపుతుంటే, "ఇన్నేళ్ళు వీటి మీద దుమ్ము దులిపినావు. లోపల ఏటుందో చూడవేటి?" అన్నారు.

"నాకు సదవడం రాదు కదా బాబూ."

"కూకో."

బాలశిక్ష తేలేదు. గ్యాంగు మనిషి పేజీ తీసి నా ముందు పెట్టారు. ఆ మాటలు నాకు కంఠతా వచ్చు. ఒక్కో మాట మీద వేలు పెట్టి నోటితో అంటుంటే, మాట ఎక్కడ ఉందో అక్షరం అక్కడే ఉంది. 'నానిద్దరం కాదు, ఒకడినే.' నేను మొదటిసారి చదివిన వాక్యం అదే. చదివి ఏడ్చాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూజాలో నీళ్ళున్నాయో లేవో చూశారు.

అలా ఆయన పుస్తకాల్లోనే చదువు నేర్చుకున్నాను. పాతవాటి నుంచి వరసగా ఇచ్చేవారు. ఒకటి అయ్యాక ఇంకొకటి. పేర్లు, ఊళ్ళు, పుట్టుమచ్చలు, విడిపోయిన అన్నదమ్ములు, తప్పిపోయిన సర్టిఫికెట్లు. ఈ ఊరికి బతకొచ్చిన మా వాళ్ళంతా తమ నోటితో తాము మాట్లాడుతున్నట్టు ఉండేది. ఐదారేళ్ళకు ధారాళంగా చదవడం వచ్చింది. అప్పుడు గమనించాను. ఇలా వరసగా పోతే ఆ ఏడు వస్తుంది. ఆ పుస్తకం వస్తుంది.

అక్కడి నుంచి చదవడం రానట్టు నటించాను. ఒకే పేజీ మీద వారం కూర్చునేదాన్ని. ఒత్తులు పలకడం లేదనేదాన్ని. చదివిందే మళ్ళీ చదివేదాన్ని. ఆయనకు తెలియదా? ముప్పై ఏళ్ళు మనుషుల చేత తిరిగి చెప్పించినవారు. ఎవరు తెలిసి చెప్పలేకపోతున్నారో, ఎవరు తెలియక చెప్పలేకపోతున్నారో ఆయనకు తెలియకపోవడమేమిటి. "నిదానంగా చదువు. నీకేటీ తొందర లేదు. నాకే కొంచెముంది," అన్నారొకసారి.

పోయినేడు వానల్లో ఆయన పోయారు. ఆ పుస్తకానికీ నాకూ మధ్య ఇంకొక పుస్తకం మిగిలి ఉంది.

పెద్దకర్మ అయ్యాక ఆయన కూతురు సోనారి నుంచి వచ్చి గది ఖాళీ చేయించింది. "ఆంటీ, యే సబ్ కబాడీవాలే కో దే దూఁ? దీమక్ లగ్ జాయేగా," అంది పుస్తకాలు చూపించి. పాత కాయితాలవాడికి ఇచ్చేద్దామా, చెదలు పడతాయి అని. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి హిందీయే వస్తుంది.

"నాకివ్వమ్మా."

"ఆప్ క్యా కరేంగీ?" అంది, మీరేం చేసుకుంటారని.

"చదువుతాను."

నవ్వబోయి ఆగింది. నా మొహం ఒక నిమిషం చూసి, తనే పుస్తకాలన్నీ కట్టలు కట్టి ఆటోలో పెట్టించింది.

మా ఆయన ఆ కట్టలు చూడగానే పోల్చుకున్నాడు. "ఆ ఒక్క పుస్తకం కాల్చీయే. మిగతాయి నీ ఇట్టం," అన్నాడు. నేను కాల్చలేదు. తెరవనూ లేదు. ఏడాదిగా బియ్యం డ్రమ్ము వెనక ఉన్నాయి. బుధవారం కోర్టు నుంచి వచ్చి, చెప్పులతోనే లోపలికి వెళ్ళి, ఆ పుస్తకం తీశాను.

పేజీ దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయన రాత గుండ్రంగా ఉంది.

'ముసుగులో ఉంది. దుఃఖంలో ఉంది. తిరిగి చెప్పించలేదు. గుర్తు చెప్పినది మా గది ఊడ్చే ఆవిడ. పన్నెండేళ్ళుగా ఎరుగుదును. ఆమె మాట చాలు. కుడి బొటనవేలు, శంఖం.'

దాని కింద వేరే సిరాతో, తరవాత రాసింది.

'ఈ వేలు ఆమెది కాదు. ఆ రోజు జరిగింది ఏమిటో గుర్తు చెప్పిన ఆవిడ చెప్పాలి. నాకు తోచింది రాయకూడదు. ఆవిడ చెప్పినప్పుడు ఇక్కడ రాయాలి.'

ఆ కింద సగం పేజీ ఖాళీ. మెలికల గీత లేదు.

ఆమె మాట చాలు. ఈ మూడు మాటలూ చదవడానికి నాకు ఒత్తులు కూడా అక్కర్లేదు. ఆయన బతికుండగా చదివి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. బహుశా అప్పుడూ బాల్చీ తీసుకుని వెళ్ళిపోయేదాన్నేమో.

మూడు రోజులు చిత్తుకాయితం మీద రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. చివరికి ఆ ఖాళీలోకి ఎక్కించాను. మా ఆయన మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. "ఎవులు సదువుతారే అది?" అన్నాడు. "నానే సదువుతాను," అన్నాను.

ఆదివారం పుస్తకం, ఇంకు ప్యాడు, నూనెగుడ్డ సంచిలో వేసుకుని బిర్సానగర్ వెళ్ళాను. ఒక్క గది. తోడికోడలు మంచం మీద కూర్చుని మోచేతులకు మందు రాసుకుంటోంది.

"ఏటప్పా, ఇలగొచ్చినావు? ఎవులు పోనారు?"

"ఎవులూ పోనేదు. నీకొకటి సదివి ఇనిపించాల."

"సదివి ఇనిపించడానికా." సంచిలోంచి పుస్తకం బయటికి రావడం చూసింది. "ఆ బాబు చెప్పినాడులే. నాలుగేళ్ళ కితం ఇక్కడికొచ్చినాడు. మీ అప్పకి అచ్చరాలు నేర్పుతన్నాను, ఎప్పుడో ఒకప్పుడొచ్చి చెప్తాది అన్నాడు. ఇన్నాళ్ళు పడతాదనుకోనేదు."

ఆయన అంత దూరం వచ్చారని నాకు తెలియదు. కాసేపు పేజీ కనబడలేదు. తరవాత చదివాను. మధ్యలో ఆగలేదు. అయ్యాక, "ఏటి రాసేనో..." అన్నాను.

ఆమె మందు డబ్బా మూత బిగించి పక్కన పెట్టింది.

"నా మొగుడు పోయిన పదో రోజున, పెరట్లో అంట్లు తోముతా నిన్నడిగినాను. అప్పా, ఆ కంపెనీలో ఆడోళ్ళనీ తీసుకుంతారంట, కేంటీన్లో ఆ పని నాకిత్తారేటి, అని. నువ్వు ఊ అన్నావు. నాకా పని కావాలని నీకు ముందే తెల్సు. తెల్సే, నాను ఊరెల్లగానే ఇంకొకర్తికి నా ముసుగేసి తీసుకెల్లినావు. బావ చెయ్యమననేదు. నువ్వే అనుకున్నావు, నువ్వే చేసినావు. నాను వచ్చి అడిగితే ఆ బాబు ముందు నన్నే దొంగని చేసినావు. అదేనా రాసినావు?"

"అదే."

"ఇంకేటన్నా వదిలినావేటి?"

"నేదు."

"మరి బాగానే రాసినావు," అంది.

ఇంకు ప్యాడు తెరిచాను. "వేలు నాకిచ్చీ. నువ్వొత్తకు," అన్నాను. ఆమె బొటనవేలు పట్టుకుని, ఆయన చేసినట్టే ఎడమ నుంచి కుడికి దొర్లించాను. ఎత్తి చూస్తే నల్లటి మచ్చ. నున్నగా ఉంది. మళ్ళీ వేయించాను. మళ్ళీ మచ్చే.

"పడదప్పా. రేషను మిషన్లో కూడా పడ్డం నేదు. కళ్ళు చూపించి బియ్యం తెచ్చుకుంతన్నాను. ఇరవయ్యేళ్ళు గిన్నెలు తోమితే గీతలు అరిగిపోతాయంట."

పక్కన శంఖమో చక్రమో రాయాలి. పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

"ఏటి రాయను?" అన్నాను.

"గీతలు నేవని రాయి. ఎందుకు నేవో కూడా రాయి."

నేను నూనెగుడ్డ తీసేలోపలే ఆమె వేలు తన చీర చెంగుకు తుడిచేసుకుంది. పేజీలో కింద రెండు వరసలే చోటుంది. అక్షరాలు చిన్నవి చేసి రాశాను. ఎందుకు లేవో రాశాను. రాసింది చదివి వినిపించాను. ఆమె తల ఊపింది. చివర మెలికల గీత గీద్దామని చూస్తే, దానికి ఖాళీ మిగల్లేదు.